ఒకే రోజు రెండుసార్లు బోడైన జువ్వి

ఎండలు ముదరకముందే జువ్వికి ఆకులు దూసెయ్యాలి, ఆ తరవాత కళ్ళజోడు బాగుచేయించుకోవాలి. ఆ రోజుకి పెద్దాయన పెట్టుకున్న పనులు ఈ రెండే. మేడ మీద వరసగా పెంచుతున్న బోన్సాయ్ చెట్లలో, నీలం కుండీలో ఉన్న ఆ జువ్వి మూరెడైనా ఉండదు. ఏటా ఈ రోజుల్లో దాని ఆకులన్నీ కత్తిరించేస్తే కొత్తవి చిన్నవిగా, ముద్దుగా వస్తాయి. నిరుడు దాకా ఆ పని ఆయన భార్య చేసేది. చెట్టు ఆవిడదే.

ఆవిడ పోయాక కొడుకూ కోడలూ ఈ ఇంటికి మారారు. వచ్చిన కొత్తలోనే కొడుక్కి తండ్రి మతిమరుపు మీద బెంగ పట్టుకుంది. పెద్దాయన ఒకసారి పొయ్యి మీద పాలు మరిచిపోయాడు, ఇంకోసారి కుళాయి కట్టడం మరిచిపోయాడు. "ఎల్లుండి డాక్టర్ దగ్గరికి వెళ్దాం నాన్నా, ఊరికే చూపిద్దాం" అన్నాడు కొడుకు ఆ పొద్దున్నే. మరుపు నిజమని తేలితే మేడ మెట్లు ఎక్కనివ్వననీ, చెట్లన్నీ నర్సరీకి ఇచ్చేస్తాననీ అతను ఫోన్లో ఎవరితోనో అనడం పెద్దాయన చెవిన పడింది. అప్పటినుంచి ఆయనకి ఒకచోట కాలు నిలవడం లేదు.

జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. విరిగిన కళ్ళజోడుకి దారం కట్టుకుని, ఒక్కొక్క ఆకే కత్తిరించి, ఆకుల్ని సంచిలో వేసుకుని, దారిలో చెత్తబండిలో పడేసి, కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. సాయంత్రానికి గాని కాదన్నాడు దుకాణదారు. పెద్దాయన అక్కణ్ణించే ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాడు.

"వస్తూ వస్తూ కళ్ళజోడు తీసుకురారా. అది లేకపోతే నాకేం కనపడదు. మర్చిపోకు."

"ఎన్నిసార్లు చెప్తావు నాన్నా? మరుపు నాక్కాదుగా!"

ఆ తెల్లవారుజామున ఇంకొక సంగతి జరిగింది. కోడలు మేడ తుడుస్తుండగా ఫినాయిల్ నీళ్ళ బకెట్ తిరగబడి సగం నీళ్ళు నీలం కుండీలోకి పోయాయి. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకుంది. మామగారు వీధిలోకి వెళ్ళాక బట్టలారెయ్యడానికి పైకొచ్చి చూస్తే చెట్టుకి ఒక్క ఆకు లేదు. ఆకులు దూసే పద్ధతి ఒకటుందని ఆమెకి తెలియదు. అత్తగారి చెట్టు తన చేతిలో చచ్చిపోయిందనుకుంది. వెంటనే నర్సరీ అతనికి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అచ్చం మా అత్తగారి జువ్వి లాంటిదే కావాలి. ఇప్పుడే!"

"చెట్టమ్మా అది. చీరా, మ్యాచింగ్ వెతకడానికి?"

విసుక్కుంటూనే ఒకటి తెచ్చి, నీలం కుండీలో నాటి వెళ్ళాడు. అసలు చెట్టుని పారెయ్యడానికి కోడలికి చేతులు రాలేదు. వేళ్ళకి పట్టిన విషం వదులుతుందేమోనని మేడ మీది స్నానాలగదిలో కుళాయి కింద పెట్టి, నీళ్ళు ధారగా విప్పి, తలుపు మూసింది.

పెద్దాయన తిరిగొచ్చి మేడెక్కాడు. కళ్ళజోడు లేని ఆయన కంటికి నీలం కుండీలో పచ్చగా ఒక ముద్ద కనిపించింది. తడిమి చూశాడు. ఆకులే! పొద్దున తను కత్తిరించాడా, కత్తిరించాననుకున్నాడా? ఆ చివర్నుంచి ఈ చివరికి పచార్లు చేశాడు. కోడల్ని అడగొచ్చు. అడిగితే ఎల్లుండి డాక్టరు కాస్తా ఇవాళే వస్తాడు. కత్తెర తీసి, తడుముకుంటూ ఆకులన్నీ మళ్ళీ దూసేసి, సంచిలో దాచుకుని, దొంగలా కిందికి దిగి పడుకున్నాడు.

కాసేపటికి కోడలు పైకొచ్చి చూసి అక్కడే కూలబడింది.

"అన్నయ్యా, నువ్విచ్చింది ఒక్క పూటైనా నిలవలేదు!"

"నా చెట్టుకేం రోగం తల్లీ? మీ కుండీలోనే ఏదో ఉంది."

"అవును, ఫినాయిల్ మిగిలుంటుంది. కుండీ కడిగేస్తా. ఇంకోటి పట్రా. మావయ్యగారు పడుకున్నారు, చప్పుడు చెయ్యకు!"

పొద్దు వాలుతుండగా మూడో జువ్వి కుండీలోకి ఎక్కింది. నర్సరీ అతను చేతులు కడుక్కుందామని స్నానాలగది వైపు తిరిగేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు. కోడలు అతన్ని ట్యాంకు వెనక్కి నెట్టి, తనూ నక్కింది.

నిద్ర పట్టక మేడెక్కిన పెద్దాయన చెయ్యి చాచాడు. మళ్ళీ ఆకులు! మళ్ళీ కత్తెర తీశాడు. కుండీ కదలకుండా రెండో చేత్తో చెట్టు మొదలు పట్టుకున్నాడు. అలవాటుగా బొటనవేలు మచ్చ కోసం వెతికింది. ఒకప్పుడు కాండానికి చుట్టిన తీగని భార్య వేళకి విప్పడం మరిచిపోతే, అది బెరడులోకి దిగి మెలిక మచ్చగా మిగిలింది. ఆ మరుపుకి ఆయన అప్పట్లో ఆవిణ్ణి బాగా కోప్పడ్డాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే వేలితో దాన్ని ఒకసారి తాకుతాడు.

మచ్చ లేదు. ఆయన బుర్ర ఎక్కడికీ పోలేదు. చెట్టే పోయింది. మొదటి సంగతికి సంతోషించడానికి రెండోది తీరికనివ్వలేదు.

"అమ్మాయ్!" అని ఆయన కేక పెట్టేలోపు కింద నుంచి కొడుకు కేక వినిపించింది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి మొహం కడుక్కోబోతే కుళాయిలో చుక్క లేదు. రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

"నాన్నా! మళ్ళీ కుళాయి వదిలేశావా? ట్యాంకు మొత్తం ఖాళీ! ఎల్లుండి దాకా ఎందుకు, రేపే వెళ్దాం డాక్టర్ దగ్గరికి!"

"వదిలేసే ఉంటాన్రా" అన్నాడు పెద్దాయన మెల్లిగా.

ట్యాంకు వెనక నుంచి కోడలు బయటికొచ్చింది. వెనకే మట్టి చేతులతో నర్సరీ అతను.

"వదిలింది నేను! మావయ్యగారిని అనకండి!" అని ఫినాయిల్ దగ్గర్నుంచి మొత్తం చెప్పేసింది. ఏడుస్తూనే వెళ్ళి, నీళ్ళోడుతున్న మోడుని తెచ్చి మామగారి చేతుల్లో పెట్టింది. ఆయన బొటనవేలు మచ్చ మీద ఆగింది.

"చావలేదమ్మా. పొద్దున ఆకులు దూసింది నేనే."

"మీరా! మరి రెండోదానికి?"

"దానికీ నేనే."

"నేను తెస్తూ పోతే నర్సరీ అంతా దూసేద్దురు" అన్నాడు నర్సరీ అతను.

"నన్ను అడగొచ్చు కదా మావయ్యా?"

"అడిగితే మరుపంటారనీ..." అని ఆగి, "నువ్వు చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడు పెద్దాయన.

"చెప్తే మీరు తట్టుకోలేరనీ..."

ఆయన తల ఊపి, కొడుకు వైపు చెయ్యి చాచాడు. "ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వరా. చెట్టుని ఒకసారి సరిగ్గా చూస్తాను."

కొడుకు చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు చూశాడు. చివరికి బ్యాగు బోర్లించాడు.

మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానలేదు. వెళ్ళే మనిషి మాత్రం మారాడు.