తుల్సీబాయి చెవిమిషన్ చేసిన ప్రదక్షిణలు

దసరా మొదలు దీపావళి దాకా సాగిన పండగ రద్దీలో, రెప్పపాటు పార్సిల్ సర్వీసు వారి జనగామ గోదాములో ఒక్క పార్సిల్ కూడా నిలవ ఉండలేదని తెలియజేయడానికి కంపెనీ వారు సంతోషిస్తున్నారు. అదే ఇరవై రోజుల్లో ఒకే ఒక్క పార్సిల్ ఇల్లు చేరింది. అందుకు బాధ్యుడైన డ్రైవరు మీద చర్య కూడా తీసుకున్నారు కాబట్టి ప్రజలు ఆందోళన చెందనక్కరలేదు.

ఈ ఘనత వెనక ఒక బుర్ర ఉంది. అది గోదాము ఇంచార్జి సురేందర్‌ది. ఆయన ఊళ్లో సర్పంచికి నిలబడి పదకొండు ఓట్లతో ఓడిన మనిషి. పదవి దక్కలేదు గానీ ప్రసంగం మిగిలిపోయింది. ఏ గోదాములోనైనా పార్సిల్ ఇరవై నాలుగు గంటలు దాటి ఉంటే కంప్యూటరులో ఎర్రగా వెలుగుతుందనీ, వెలిగితే ఇంచార్జి కొలువు ఊడుతుందనీ పై ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. ఇంకెవరైనా అయితే ఇళ్లకు చేర్చే మనుషుల కోసం వెతుక్కునేవారు. సురేందర్ ఆ హుకుంను మూడుసార్లు చదివి, అందులో ఇల్లు అనే మాటే లేదని కనిపెట్టాడు. చదువుకున్నవాడి చూపే వేరు.

మర్నాటి నుంచి జనగామ సరుకు మహబూబాబాద్‌కు, అక్కడి నుంచి భూపాలపల్లికి, భూపాలపల్లి నుంచి మళ్లీ జనగామకు తిరగసాగింది. ఒక్కో చోటికి ఒక్కో రోజు. చేరిన ప్రతిచోటా గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆ రెండు ఊళ్ల ఇంచార్జులకూ ఎర్రదీపమంటే భయమే కనుక ఒప్పందం ఒక్క ఫోనుతో కుదిరింది. ఆ సాయంత్రం సురేందర్ సిబ్బందిని నిలబెట్టి సెలవిచ్చాడు: "పార్సిల్ అంటే నీళ్ల లెక్క. ఆగితే మురుగుతది, పారితే గంగ. ఇయ్యాల్టి సంది మన దగ్గర ఏదీ ఆగది." అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకూ హాజరు వేసుకున్నారు.

సరుకు తిరగాలంటే ఎత్తేవాళ్లు, దించేవాళ్లు కావాలి. కాబట్టి బైకుల మీద ఇళ్లకు వెళ్లి ఇచ్చే పిల్లలందర్నీ ఆ పనిలోకి లాగారు. ఇళ్లకు పోయేవాళ్లు లేకపోయేసరికి సరుకు పెరిగింది. పెరిగిన సరుకు తిప్పడానికి మరో ఆరు బండ్లు పెట్టారు. సరుకంతా రోడ్ల మీదే ఉండటంతో గోదాము బోసిపోయింది. బోసిపోయిన గోదాములో సగం ఒక పత్తి వ్యాపారికి కిరాయికిచ్చారు. దాంతో దింపుకోవడానికి ఇప్పుడు నిజంగానే జాగా లేకుండా పోయింది, ఇక తిప్పక తప్పని పరిస్థితి. ముందుచూపు అంటే ఇదే.

బతుకమ్మ నాడు కట్టుకుందామని నర్మెట్ట సుమిత్ర తెప్పించుకున్న చీర, బతుకమ్మ నీళ్లలో కలిసి రెండు వారాలైనా భూపాలపల్లి దారిలో పరకాల దాటుతూనే ఉంది. మెత్తగా బయలుదేరిన మైసూర్‌పాక్ ఇటుకై, మరో రెండు డబ్బాలకు ఆసరాగా నిలిచింది. భూపాలపల్లిలో తవ్విన బొగ్గు కూడా ఒక్కసారే ప్రయాణం చేసి, కాలి, పుణ్యం కట్టుకుంటుంది. పార్సిళ్లకు ఆ అదృష్టం కూడా లేదు.

ఈ గంగాప్రవాహంలో హరిలాల్ ఒక పడవ. ఏడో తరగతిలో బడి మానేసి, ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టుకున్నవాడు. అతని తండా నెల్లికుదురుకు ఇవతల, మహబూబాబాద్ పోయే రోడ్డు పక్కనే. అతని తల్లి తుల్సీబాయికి చెవులు వినపడవు. ఎండాకాలంలో చెవిమిషన్ కొనిచ్చాడు, వానల్లో తడిసి అది మూగపోయింది. హైదరాబాద్‌కు పంపి బాగు చేయిస్తే, తిరిగి రెప్పపాటు వారి చేతిలోనే పడింది.

దీపావళి సాయంత్రం తండాలో పెళ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ పోతారు. పెద్దవాళ్లను పేరుపెట్టి పాడుతూ దీవెన అడుగుతారు. పోయినేడు తుల్సీబాయి గడపలో తన పేరే పాడుతుంటే, ఆమె లోపల గోడవైపు తిరిగి చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. పిల్లలు కాసేపు నిలబడి, ముసలమ్మకు కోపమనుకొని వెళ్లిపోయారు. ఆ పిల్లల్లో సొంత మనవరాలు ద్వాళి కూడా ఉంది. సంగతి తెలిశాక ముసలమ్మ రెండు రోజులు తిండి ముట్టలేదు. దీవెన అడిగితే ఇవ్వని ఇల్లని పేరు పడుతుందని ఆమె దిగులు. ఈ ఏడు ఆ పాట వినాలి. ఆమెకు కావలసిందల్లా అదే.

దీపావళి ఇంకా పన్నెండు రోజులుందనగా పార్సిల్ జనగామకు వచ్చింది. స్కానింగు చేసే హరిత చూసి చెప్పింది.

"అన్నా, మీ అమ్మ డబ్బా నీ బండిలనే పడ్డది."

"జర తీసియ్యి చెల్లె. పోయేటప్పుడు ఇంటికాడ ఇచ్చి పోత."

"తీస్తె దొంగతనం కింద రాస్తరన్నా. మోసుకపోతె ఏం కాదు."

న్యాయమే. నెల్లికుదురు పార్సిళ్లు మహబూబాబాద్ గోదాము నుంచి వెళ్లాలి. అక్కడ నెల్లికుదురుకు పోవలసిన మనిషి, దించిన సరుకును భూపాలపల్లికని మళ్లీ అదే బండికి ఎత్తే పనిలో ఉన్నాడు. బండి వెనక తలుపుకు పడే తాళం గోదాములో తప్ప తెరుచుకోదు. దారిలో పది నిమిషాలు ఆగితే బండి కూత పెట్టి ఊరంతా చెబుతుంది. అలా హరిలాల్ తన తల్లి చెవులను వీపున వేసుకుని, సొంత ఇంటి ముందు నుంచి మూడు రోజులకొకసారి పోసాగాడు. పోయిన ప్రతిసారీ ద్వాళి ఫోనులో 'మీ పార్సిల్ మీకు నలభై మీటర్ల దూరంలో ఉంది, ఆనందించండి' అని వచ్చేది. ఆ పిల్ల బయటికి పరుగెత్తుకొచ్చేసరికి తండ్రి బండి మలుపు తిరిగేది.

నాలుగుసార్లు అలా అయ్యాక హరిలాల్ సురేందర్‌ను కలిసి, చేతులు కట్టుకుని సంగతి చెప్పాడు. సురేందర్ శ్రద్ధగా విని భుజం తట్టాడు. "నీ ఒక్క డబ్బా కోసం సిస్టంను ఆపుతమా హరిలాల్? అయినా నీకు పరేషాన్ ఎందుకే? మీ అమ్మ పార్సిల్ నీ చేతులనే ఉన్నదాయె, ఇంతకంటె భద్రం ఏడుంటది?" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి హరిలాల్ చాలాసేపు ప్రయత్నించి విఫలమయ్యాడు.

ఐదోసారి దీపావళి నాడే పడింది. పొద్దు గుంకే వేళకు బండి తండా దగ్గరికి వచ్చింది. తుల్సీబాయి ఈసారి గోడవైపు తిరగలేదు. గడపలో బయటికి మొహం పెట్టి, నోళ్లు కదలడం చూసైనా కనిపెడదామని కూర్చుంది. అవతలి సందులోంచి దీపాలు వస్తున్నాయి. హరిలాల్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. అతను దిగి, జాకీ రాడ్డు తీసి, తాళం మీద నాలుగు దెబ్బలు వేశాడు. సిస్టం ఆగింది.

లోపల ఆరు వందల నలభై డబ్బాలు. పిల్లలు బండి దగ్గరికి వచ్చి దీపాలు ఎత్తి పట్టుకున్నారు. అతను ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. పది నిమిషాలకు బండి కూత అందుకుంది. వేరే ఇళ్లకు ఆలస్యమవుతోందని ఎవరో పెద్దమనిషి గదమాయిస్తే, ద్వాళి కదల్లేదు.

"అవ్వకు వినబడేదాక పాడేది లేదు," అంది.

మిషన్ ఎక్కడో అడుగున, మైసూర్‌పాక్ కింద దొరికింది. హరిలాల్ దానికి కొత్త సెల్లు వేసి తల్లి చెవికి పెట్టాడు. తుల్సీబాయి మొహం చిట్లించింది. ఏడాది పొడుగునా ఎదురుచూసిన ఆమె చెవిలో మొట్టమొదట పడింది రెప్పపాటు వారి కూత.

"ఏందిరా గా లొల్లి? ఎవలన్న సచ్చిండ్రా?" అంది. "గా బండి నోరు మూపియ్యి. నా పేరు పాడుతరు పిల్లలు."

బండి నోరు మూయించడం ఎలాగో కంపెనీ ఎవరికీ నేర్పలేదు. ఆ కూతలోనే పిల్లలు పాడారు. తుల్సీబాయి చివరి దాకా విని, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి పేరుపేరునా దీవించింది. ద్వాళిని రెండుసార్లు దీవించింది, పోయినేటిది కూడా కలిపి.

మర్నాడు తాఖీదు వచ్చింది. అందులో నేరం స్పష్టంగా ఉంది: 'పార్సిల్‌ను చిరునామాదారుకు నేరుగా అందజేయుట.' సంజాయిషీ రాయమంటే హరిలాల్ తన ఏడో తరగతి అక్షరాలతో 'డబ్బా మీద రాసున్న అడ్రసు మాదే' అని రాశాడు. అది పొగరుగా ఉందని తేల్చి అతన్ని పనిలోంచి తీసేశారు. సురేందర్‌కు షీల్డు ఇస్తామని పై ఆఫీసు ప్రకటించింది. ఆ షీల్డు పార్సిల్‌లో బయలుదేరింది.

పై ఆఫీసు మనసు మెత్తనిదే. ఒక్క డబ్బా విషయం కనుక హెచ్చరించి వదిలేద్దామనే అనుకున్నారట. కానీ ఆ సాయంత్రం బండి నలభై నిమిషాలు కదలకపోయేసరికి ఫోన్లలో తమ పార్సిళ్ల జాడ చూసుకుంటున్న ఖాతాదారుల నుంచి రెండు వందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి. అన్నాళ్లు తిరిగినందుకు ఒక్కరూ అడగలేదు. తిరుగుతూ ఉంటే పని జరుగుతున్నట్టేనని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఫిర్యాదుల జాబితా గోదాము గోడకు అంటించి ఉంది, మీ నంబరు ఉందేమో చూసుకోండి. దిగులు పడకండి, మీ పార్సిల్ ఇప్పుడే పరకాల దాటింది.