గుణశేఖరన్ ఎడమ మోకాలి కేసు

"ఈ పుదుచ్చేరి గాలిలో నేరం వాసన పుడితే మొట్టమొదట అదిరేది నా ముక్కు. పోలీసు వారి ముక్కులు ఆ తరవాతే" అని ప్రకటించాడు డిటెక్టివ్ ఎం. విజయరంగన్, కురుచికుప్పంలో తన ఇంటి మెట్ల మీద నిలబడి.

ఆ ముక్కుకు అప్పుడు జలుబు. ప్రకటన విన్నది కూడా ఎదురింటి తిలగం ఒక్కతే.

"ముందు ముక్కు చీదుకోని నా మాట వినన్నా" అన్నది తిలగం.

విజయరంగన్ రిటైరయ్యేదాకా టౌను బస్సుల్లో టికెట్ చెకింగ్ చేశాడు. మొహం చూసి దొంగను పట్టేస్తాడని పేరు. ఆ పేరు పెట్టుకున్నది తనే. ఒకసారి అరియాంకుప్పం బస్సు వంతెన మీద పోతూ ఉండంగా, టికెట్ ఏదిరా అని డ్రైవర్నే నిలదీశాడని గిట్టనివాళ్లు చెప్తారు. గిట్టేవాళ్లు కూడా అదే చెప్తారు.

"మా ఇంటాయన్ను ఎవరో కొడతావుండారన్నా" అని గొంతు తగ్గించింది తిలగం. "తెల్లారి సైకిలెక్కి పోతాడు. వచ్చేసరికి మోచెయ్యి గీరుకోని, మోకాలు వాచి ఉంటుంది. ఏందయ్యా అంటే గోడ తగిలిందంటాడు. రోజూ పోయి తగలడానికి ఆ గోడేమన్నా అత్తగారిల్లా?"

"దెబ్బలు ఏ పక్క?"

"ఎడమ పక్కే. కుడి పక్క పెళ్లినాడు ఎట్లుండాడో అట్లనే ఉండాడు."

విజయరంగన్ కళ్లు మూసుకున్నాడు. మేధస్సు తిరగడం మొదలైతే ఆయన కళ్లు మూతపడతాయి. అన్నం తిన్నాక కూడా మూతపడతాయి, ఆ సంగతి వేరు.

"కొట్టేవాడిది కుడిచేతి వాటం" అన్నాడు కళ్లు తెరిచి. "ఎదురుగా నిలబడి కొడితే దెబ్బ ఎడమ పక్కనే పడుతుంది. ఈ క్షణం నుంచి ఈ ఊళ్లో కుడిచేతి వాటం వాళ్లంతా నా అనుమానితులే."

"నువ్వు కూడానా?"

"నన్ను చివర్న విచారిస్తా."

తిలగం మొగుడు గుణశేఖరన్ నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు. షుగర్ వచ్చిందని డాక్టరు చెప్తే సైకిలు కొన్నాడు. అప్పట్నుంచి షుగర్ తగ్గింది, పొట్ట తగ్గింది, నోరు మాత్రం పెరిగింది. వయసు పిల్లల సైకిల్ గుంపులో చేరి, ఆదివారం వాళ్లతో కాలాపేట దాకా పోయి వస్తానని నెల రోజులుగా వీధంతా చాటుతున్నాడు.

"ఆదివారం లోపల కొట్టేదెవరో తెలియాల" అన్నది తిలగం. "తెలియకుంటే ఆ సైకిలు పాత ఇనుము అంగడికి పోతుంది. ఆయనకీ చెప్పేసినా. అయినా నోరు తెరవడు. నాకు మొగుడు ముఖ్యమా, సైకిలు ముఖ్యమా?"

"ఆధారాలు చూసి చెప్తా" అన్నాడు డిటెక్టివ్.

మరునాడు పొద్దున సముద్రం పక్క రోడ్డులో సెంగమలం టీ అంగడిలో, వేలాడే అరటి గెల మాటున విజయరంగన్ మాటు వేశాడు. గెలలో పళ్లు అయిపోతూ ఉంటే మాటు పల్చబడింది. అయిపోగొడుతున్నది ఆయనే.

గుణశేఖరన్ సైకిలు మీద వచ్చాడు. వచ్చి, ఆగలేదు. అంగడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. సెంగమలం గ్లాసు చాపింది. ఆయన ఒక చుట్టులో అందుకున్నాడు, ఇంకో చుట్టులో తాగాడు, మరో చుట్టులో తిరిగి ఇచ్చాడు. ఆ తరవాత ఎదుటి లైటు కంబం దగ్గరికి పోయి దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. కాళ్లు పెడళ్ల మీదే. అట్లా కౌగిలించుకోని రొప్పు తీర్చుకోని, కంబాన్ని ఒక తోపు తోసి వెళ్లిపోయాడు.

విజయరంగన్‌కు అంతా అర్థమైపోయింది. చుట్లు సంకేతం. కంబం దగ్గర రహస్య సందేశం మార్పిడి. వెనకాల ముఠా. సముద్రానికి అవతల నుంచి నడిపించే అదృశ్య హస్తం, అదీ కుడిది.

పరుగున పోయి కంబాన్ని పరీక్షించాడు. ఒక చీటీ అంటించి ఉంది, దాని మీద ఫోన్ నంబరు. వెంటనే ఫోన్ కొట్టాడు.

"నీ ఆట కట్టు. నాకు అంతా తెలిసిపోయింది."

"మంచిది సార్" అన్నది అవతలి గొంతు. "తెలిసినవాళ్లయితే మాకూ సులువు. బోరు ఎన్ని అడుగులు వెయ్యాల?"

డిటెక్టివ్ ఫోన్ పెట్టేసి సెంగమలం మీద పడ్డాడు. "నిజం చెప్పు. ఆ మనిషి ఎందుకు దిగడు?"

"మొక్కన్నా" అన్నది సెంగమలం భక్తిగా. "కాలు నేల మోపకుండా ఉండే మొక్కు. ఏ సామికో ఏమో, అడిగితే దోషం. అందుకే ఆయనకు మొదటి డికాక్షన్‌తో పోస్తావుండా."

కాలి నడకన ముఠాను వెంటాడడం కుదరదు. శనివారం పొద్దునే విజయరంగన్ సైకిళ్ల అంగడికి పోయాడు. అంగడి జీవాది.

"ఉండేవాట్లో అన్నిటికన్నా వేగమైంది ఇయ్యి. దేశ భద్రత."

జీవా ఒక సన్నటి సైకిలు తీసి, దానికి తగ్గ బూట్లు కూడా ఇచ్చాడు. బూటు అడుగున ఇనప బిళ్ల. పెడల్ మీద పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. "క్లిప్‌లెస్ పెడల్స్ అంటారు మామా."

"క్లిప్పు కనిపిస్తా ఉందే."

"ఉంటుంది. పేరు మాత్రం లేదని. అది నన్నడగొద్దు. బూట్లు నీకు లూజు, చూసుకో. దిగేటప్పుడు మడమ బయటికి..."

"దిగే సంగతి నేరస్థుణ్ణి పట్టుకున్నాక" అని డిటెక్టివ్ ఎక్కేశాడు. టక్కు, టక్కు.

అబ్బా, ఏం వేగం. కాకులు వెనకబడ్డాయి. గాలి వెనకబడింది. సముద్రంలో అల ఒకటి కాసేపు పక్కనే వచ్చి, నా వల్ల కాదని తిరిగిపోయింది. టీ అంగడి కనపడింది. కంబాన్ని కౌగిలించుకున్న గుణశేఖరన్ కనపడ్డాడు. కొట్టేవాణ్ణి కళ్లారా చూస్తానని వచ్చి, చేటతో నిలబడిన తిలగం కూడా కనపడింది.

విజయరంగన్ బ్రేకు పట్టాడు. సైకిలు ఆగింది. కాలు దించబోయాడు. కాలు రాలేదు. రెండో కాలూ రాలేదు. సైకిలు మెల్లగా, మర్యాదగా, ఎడమ పక్కకు ఒరగసాగింది. కంబం ఖాళీ లేదు కాబట్టి ఆయన గుణశేఖరన్‌ను కౌగిలించుకున్నాడు.

"దొరికినావు" అన్నాడు ఊగుతూ. అలవాటు కొద్దీ టికెట్ చెకింగ్ ప్రశ్న వేశాడు. "చెప్పు, యాడ ఎక్కినావు? యాడ దిగతావు?"

"దిగడం వస్తే నాకీ గతి ఎందుకు బావా" అన్నాడు గుణశేఖరన్ ఏడుపు గొంతుతో.

కంబం పట్టు తప్పింది. ఇద్దరూ, రెండు సైకిళ్లూ, ఎడమ పక్కకే పడ్డారు.

తిలగం చేట పైకెత్తి పరిగెత్తుకొచ్చింది. కొట్టడానికి ఎవరూ లేరు. విజయరంగన్ కాలు లూజు బూటులోంచి జారి బయటికి వచ్చేసింది, బూటు మాత్రం పెడల్‌ను పట్టుకోని అక్కడే ఉంది. ఆమె దాన్ని గుంజింది. రాలేదు. మొగుడి కాలు చూసింది. అదీ అట్లనే అతుక్కోని ఉంది.

"ఇదా గోడ?" అన్నది.

గుణశేఖరన్ కింద పడుకోనే ఒప్పుకున్నాడు. "గుంపులో పిల్లకాయలందరికీ ఇవే. అవి లేకుంటే సైక్లిస్టే కాదన్నారు. పోయేటప్పుడు మహారాజులాగా ఉంటుంది తిలగం. ఆగితేనే తంటా. పోయే సైకిలు మీంచి పడితే గొప్పగా చెప్పుకోవచ్చు. నిలబడిన సైకిలు మీంచి పడినానని వీధిలో ఏమని చెప్పేది?"

"కేసు తేలిపోయింది" అన్నాడు విజయరంగన్, ఇంకో కాలు సైకిలుకు వేలాడుతూ ఉండంగా. "నా లెక్క ప్రకారమే అంతా జరిగింది."

వాళ్లిద్దర్నీ ఊడదీయడానికి జీవాను పిలిపించారు. వస్తూ వస్తూ అతను ఒక జత మామూలు చదును పెడళ్లు కూడా తెచ్చాడు. వాటి మీద చెప్పుకాలైనా పెట్టొచ్చు, ఎప్పుడంటే అప్పుడు దించొచ్చు.

"ఇవే బిగించు" అన్నది తిలగం.

"వద్దు" అన్నాడు గుణశేఖరన్. "వానలో వాటి మీద నాకు కాలు జారి మోకాలి కింద ఎముక గీరుకుపోయింది. ఎదురుగాలిలో పైకి లాగడానికి పట్టు ఉండదు. ఆదివారం పిల్లకాయల వెనక మైలు దూరంలో పోవాల."

"పడితే పాత ఇనుమే."

"పడను."

"రోజూ పడినావు కదయ్యా."

టీ అంగడి ముందు జనం చేరారు. సగం మంది బూటు పక్షం, సగం మంది చెప్పు పక్షం. డిటెక్టివ్ రెండు పక్షాల తరఫునా మాట్లాడాడు. తిలగం మాత్రం మొగుడి వాచిన మోకాలినే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి లేచింది.

"ఎడమ కాలు నాది" అన్నది. "దానికి చదును పెడల్. కుడి కాలు నీ ఇష్టం. పడని పక్కను నేనెందుకు అడగాల?"

గుణశేఖరన్ తల గోక్కున్నాడు. ఒక కాలు దక్కింది, సైకిలు దక్కింది. సరేనన్నాడు.

జీవా ఒప్పుకోలేదు. "అక్కా, లోకంలో యాడా లేదు. పెడళ్లంటే జత. రెండూ ఒకే రకం ఉండాల."

"మేమిద్దరం జతే" అన్నది తిలగం. "ఒకే రకంగా ఉండామా?"

జీవా పానా అందుకున్నాడు.

ఆదివారం తెల్లారి, కాలాపేటకు పోయే ఈసీఆర్ రోడ్డు మొదట్లో గుంపంతా తయారుగా నిలబడింది. గుణశేఖరన్ కుడికాలికి మెరిసే బూటు, ఎడమకాలికి రబ్బరు చెప్పు. వయసు పిల్లకాయలు కిందికీ పైకీ చూశారు.

"అంకుల్, ఇదేం సిస్టమ్?" అన్నాడొకడు.

"సంసారం" అన్నాడు గుణశేఖరన్, కుడి కాలు టక్కుమనిపించి, చెప్పుకాలితో రోడ్డును ఒక తన్ను తన్ని.