మా చర్చికి మనుషులే అడ్డం

పెళ్ళిచూపుల్లో మా ఆయన నన్ను చూసింది అర నిమిషం. మా ఊరి చర్చిని మాత్రం రోజూ అరగంట చూస్తారు!

చూడదగ్గదే లెండి. తాతల తాతలు కట్టింది. ఎదర లావుపాటి తెల్లటి స్తంభాలు, ఎడమన ఎన్నుంటే కుడిన అన్నే. వాటి నెత్తిన పెద్ద త్రికోణం. చుట్టూ పొలాలు, గొడ్ల కొట్టాలు. పెళ్ళికని ముస్తాబై, దారి తప్పి కళ్ళంలో దిగిన చుట్టంలా ఉంటుంది.

ముందున్న మెట్లు ఎంత ఎత్తంటే, ఎక్కేసరికి చేసిన పాపాలన్నీ గుర్తొస్తాయి. మోకాళ్ళ నొప్పులతో మా అత్తగారు ఎక్కలేకపోతున్నారు. పక్కన ర్యాంపు కట్టించమని ముసలివాళ్ళంతా అడిగితే, కమిటీ ప్రెసిడెంటు ససేమిరా అన్నారు. ప్రెసిడెంటు ఎవరనుకున్నారు? మా ఆయనే!

“ఒక పక్క కడితే బ్యాలెన్స్ పోతుంది. రెండు పక్కలా కడితే స్తంభాలు మూసుకుపోతాయి” అన్నారు.

నేను ఆయన పక్షమే! ర్యాంపు ఎందుకండీ? ముసలివాళ్ళు రాకపోతే ప్రసంగం మధ్యలో దగ్గులుండవు. చంటిపిల్లల బళ్ళు ఎక్కకపోతే ఏడుపులుండవు. బెంచీలు అరగవు. మెట్లు ఇంకాస్త పెంచితే ఫాదర్ కూడా రాలేరు. అప్పుడిక దేవుడొక్కడే హాయిగా కూర్చుంటాడు, చర్చి అందానికి ఏ లోటూ ఉండదు!

అత్తగారు మాత్రం మొండి మనిషి. బాప్తిస్మం, పెళ్ళి, భర్తను సాగనంపడం, అన్నీ ఆ చర్చిలోనే. అందుకని ఆదివారం మెట్ల కింద కుర్చీ వేసుకుని, తెరిచిన తలుపులోంచి వినిపించినంత వింటున్నారు. చూస్తూండగా పక్కన మరికొన్ని కుర్చీలు చేరాయి.

మొన్న ఆదివారం ఎవరో చర్చిని ఫొటో తీయడానికి పెద్ద కెమెరాతో వచ్చారు. మా ఆయన గబగబా మెట్లు దిగారు.

“అమ్మా, నీ కుర్చీ కాస్త జరుపుకో. ఫొటోకి అడ్డం.”

“ఎటు జరగనురా?”

“అటు... ఉండుండు, అటు జరిగితే ఆ పక్క ఒకళ్ళు ఎక్కువవుతారు. బ్యాలెన్స్ తప్పుతుంది.”

అత్తగారు కొడుకుని ఎగాదిగా చూశారు. “పోనీ, నాకూ సున్నం కొట్టి పైన నిలబెట్టరా. స్తంభమైతే నన్నూ చర్చిలో లెక్కేస్తావు. నిలబడే ఓపిక లేదు, తాడేసి కట్టు.”

కుర్చీలన్నీ కిసుక్కుమన్నాయి. అత్తగారు నవ్వలేదు. తలుపు వైపే చూస్తున్నారు.

మా ఆయన స్తంభాలను చూశారు. తల్లి మోకాళ్ళను చూశారు. ఆపైన, ఇన్నేళ్ళ కాపురంలో నేనెన్నడూ వినని మాట, లోపలివాళ్ళకీ వినబడేలా అన్నారు.

“తప్పు నాదేనమ్మా. ర్యాంపు ఒక పక్కనే కట్టేద్దాం. చర్చి వంకరగా కనబడితే కనబడనీ.”