జొన్నచేనులో ఉడుత

ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి జయరాజ్ ముందున్న పని ఒక్కటే. శనివారం దాకా భార్య ఎస్తేరు బీరువా తలుపు తీయకూడదు. అందుకని తాళంచెవి తన జేబులో వేసుకుని, అది పోయిందని చెప్పి, తనే వెతకడం మొదలుపెట్టాడు. మంచం కింద దూరాడు, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు, దేవుడి పటం వెనక బూజు దులిపాడు. పోని తాళంచెవి కోసం అంత నిజాయితీగా చెమటోడ్చిన మనిషి బోధన్‌లో మరొకడు ఉండడు.

ఎస్తేరు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. జయరాజ్ ఇంకా జోరుగా దులిపాడు. ఆమె అరిచినప్పుడల్లా అతను క్షేమంగానే బయటపడ్డాడు. అరవకుండా ఊరుకున్నప్పుడే ప్రమాదం. పోయినసారి ఆమె అలా ఊరుకున్నప్పుడు అతను మీసం తీయించుకోవలసి వచ్చింది.

సంగతేమిటంటే, ఆ పొద్దున చర్చిలో పాస్టరమ్మ ఒక కబురు చెప్పింది. హైదరాబాదు నుంచి లీలావతి మేడం అనే పెద్దావిడ ఫోన్ చేసిందట. ఆమె వెనకటి రోజుల్లో టీవీలో పిల్లల కోసం చిన్న చిన్న బొమ్మల కథలు తీసింది. వాటిలో ఒక ఉడుత ఉండేది. ఆ స్టూడియో మూతపడింది, టేపులన్నీ చెమ్మకు పాడైపోయాయి. అప్పట్లో ఎవరైనా ఇంట్లో రికార్డు చేసుకుని ఉంటారేమోనని ఆవిడ ఊరూరా వెతుకుతోంది. బోధన్‌లో ఒకరి దగ్గర ఉందని తెలిసి శనివారం వస్తోంది.

మాట పూర్తికాకముందే చర్చి మొత్తం ఎస్తేరు వైపు తిరిగింది. ఆ ఉడుత సంగతి తెలియని వాళ్ళు ఆ సంఘంలో లేరు. చిన్నప్పుడు నిజామాబాదు మిషన్ హాస్టల్లో చదువుతున్నప్పుడు ఆమెను హైదరాబాదు తీసుకుపోయారు. టీవీలో ఉడుత మాట్లాడింది ఆమె గొంతుతోనేనట. పెళ్ళిలో కూర్చున్నా, జబ్బు మనిషిని చూడబోయినా, క్రిస్మసుకు గరిజెలు వత్తుతున్నా, "నేను ఉడుతగ మాట్లాడినప్పుడు" అని ఆమె మొదలుపెట్టేది. పక్కవాళ్ళు మెల్లగా తమ పీటలు దూరంగా జరుపుకునేవాళ్ళు.

సాక్ష్యం కూడా ఉంది. దుబాయి నుంచి మెషీన్ తెచ్చుకున్న మేనమామ ఆ కథను అప్పుడే రికార్డు చేసి ఇచ్చాడు. ఆ క్యాసెట్ బీరువాలో ఉన్ని శాలువాల మధ్య భద్రంగా ఉంది. కాని ఎవరూ చూడలేదు. చూద్దామంటే ఒకప్పుడు ఇంట్లో వీసీఆర్ లేదు. వీసీఆర్ వచ్చాక కరెంటు ఉండేది కాదు. కరెంటు ఉన్నప్పుడు క్యాసెట్‌కు బూజు పట్టిందని ఎస్తేరు చెప్పేది. అసలు ఉడుతే లేదని వెనక గుసగుసలాడిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళందరి నోళ్ళూ శనివారం మూతపడతాయని జయరాజ్ పక్కనున్నాయన సంబరపడ్డాడు. జయరాజ్ మాత్రం పాటల పుస్తకం తెరిచి అందులో తల దూర్చాడు.

ఎందుకంటే ఆ క్యాసెట్ బీరువాలో లేదు. ఎడపల్లిలో పోశయ్య జొన్నచేను చుట్టూ ఉంది.

జయరాజ్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర గుమస్తా. క్రిస్మసు వెళ్ళాక ఒకరోజు పోశయ్య చెరుకు బండి తోలుకుని తూకానికి వచ్చి, చిలుకలు చేనును ఊడ్చేస్తున్నాయని మొత్తుకున్నాడు. పాత క్యాసెట్లలోని టేపు లాగి కర్రలకు కడితే ఎండకు తళతళమంటుంది, గాలికి జుయ్యిమని మోగుతుంది, పిట్ట వాలదు. సీడీలు వచ్చి క్యాసెట్లన్నీ మూలకు పడ్డ రోజులు. జయరాజ్ ఉదారంగా, తన మంచం కింద ఒక సంచి నిండా ఉన్నాయని చెప్పాడు. ఆ మాట ఇంట్లో కూడా చెప్పాడు. మర్నాడు సంచి ఇచ్చి, పచ్చి శనగ చెట్ల కట్ట తెచ్చుకుని, కాల్చుకుని భార్యాభర్తలు కమ్మగా తిన్నారు.

సంచి విప్పినప్పుడు ఒక క్యాసెట్ డబ్బా మీద నీలి పెన్నుతో గీసిన ఉడుత బొమ్మ కనిపించింది. తోక బాగుందని పోశయ్య అంటే, ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు కూడా. ఆ నవ్వు జయరాజ్‌కు ఇప్పుడు చర్చిలో గుర్తొచ్చింది. పండక్కి బీరువా సర్ది నాఫ్తలీన్ గుళికలు వేసింది తనే. ఆ సర్దుడులోనే శాలువాల మధ్యది సంచిలో పడి ఉంటుందని లెక్క తేల్చుకున్నాడు.

సోమవారం జ్వరమని కాటాకు సెలవు పెట్టి, పక్కింటాయన స్కూటర్ అడిగి తీసుకుని ఎడపల్లి పోయాడు. దూరం నుంచే చేను మోగుతూ వినిపించింది. అది మామూలు మోత కాదు. దగ్గరికి పోయేకొద్దీ వంద మంది ఎస్తేరులు పళ్ళు బిగించి మూలుగుతున్నట్టు వినిపించి, జయరాజ్ గట్టు మీదే ఆగిపోయాడు.

పోశయ్య సంగతంతా విన్నాడు. జాలి పడ్డాడు. టేపు మాత్రం విప్పనన్నాడు.

"టేపు నీదే సారూ, కాదన. సేను నాది. గిప్పుడు టేపు తీస్తే సిలుకలు నీ మొకం సూసి ఆగుతయా?"

చివరకు ఒప్పందం కుదిరింది. పోశయ్య రోజుకు కొన్ని సాళ్ళ టేపు విప్పి చుట్టి ఇస్తాడు. కొత్త టేపు దొరికే దాకా, విప్పిన మేర చేనును మంచె ఎక్కి జయరాజ్ కాయాలి. చేతికి వడిసెల ఇచ్చారు. మొదటి రాయి వెనక్కి పోయి స్కూటర్ అద్దానికి తగిలింది. ఆ తర్వాత వడిసెల తీసుకుని రేకు డబ్బా ఇచ్చారు. చిలుకలు మొదట బెదిరాయి. మధ్యాహ్నానికి అలవాటుపడి, ఆ చప్పుడుకే తింటున్నట్టు కనిపించాయి.

సాయంత్రాలు ఆ టేపు చుట్టలు పట్టుకుని జయరాజ్ బోధన్‌లో మెకానిక్ రామ్‌దాస్ దగ్గరికి పరుగెత్తేవాడు. ఏ సామాను ఇచ్చినా ఎల్లుండి రమ్మంటాడు కాబట్టి ఊరంతా అతన్ని ఎల్లుండి రామ్‌దాస్ అంటారు. పోయింది ఎస్తేరు క్యాసెట్ అని తెలియగానే, జీవితంలో మొదటిసారి అతను ఇవాళే చేస్తానన్నాడు. స్పిరిటుతో తుడిచి, తెగినచోట అతికించి, వచ్చిన ముక్కలు వచ్చినట్టే వరసగా ఖాళీ డబ్బాల్లోకి ఎక్కించాడు.

ఇంట్లో జయరాజ్ ముఖం నల్లబడింది, గొంతు పోయింది. కాటా దగ్గర బండ్లు ఎక్కువయ్యాయని చెప్పాడు. ఎస్తేరు కొబ్బరినూనె తెచ్చి బుగ్గలకు రాసింది. రాస్తూ ఏమీ అడగలేదు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం రామ్‌దాస్ కొట్లో టీవీ తెర మీద ముందు గీతలు వచ్చాయి, తర్వాత ఎవరిదో గృహప్రవేశం వచ్చింది, ఆ తర్వాత ఒక చింతకొమ్మ మీదికి చిన్న ఉడుత ఎగిరి వచ్చింది. జయరాజ్ రామ్‌దాస్‌ను కౌగిలించుకుని ఏడ్చాడు. ఇక మిగతా సాళ్ళు విప్పనక్కర్లేదని పోశయ్యకు కబురంపాడు. క్యాసెట్ చంకలో పెట్టుకుని ఇంటికి పోయి, చెంపలు వేసుకుని, శనగ కట్ట దగ్గర్నుంచి మంచె దాకా అంతా ఒప్పుకున్నాడు.

ఎస్తేరు ఉన్నచోటనే నేల మీద కూలబడింది.

"ఎందుకు తెచ్చినవయ్యా," అంది నీరసంగా. "గా సంచిల ఏసింది నేనే."

జయరాజ్‌కు అర్థం కాలేదు. అప్పుడు ఆమె చెప్పింది. హైదరాబాదులో ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబెట్టారు. ఎర్రలైటు వెలిగింది. నోరెండిపోయింది, మాట రాలేదు, ఏడుపొచ్చింది. బయటికి పంపేసి, ఉడుత మాటలు ఇంకో పిల్లతో చెప్పించారు. ఆమెకు బిస్కెట్ పొట్లం ఇచ్చారు. హాస్టల్‌కు తిరిగొచ్చాక పిల్లలందరూ చుట్టూ చేరి ఎట్లా మాట్లాడావని అడిగితే, బాగా మాట్లాడానంది. ఆ ఒక్క మాటను ఇన్నేళ్ళూ మోసుకుంటూ వచ్చింది. పండగ నాడు పాస్టరమ్మ ఈసారి క్యాసెట్ చూపించాల్సిందేనని పట్టుబట్టింది. ఆ వెంటనే జయరాజ్ చేనుకు టేపులిస్తానని చెప్పాడు.

"నువ్వు పారేసినవంటే ఎవలైన నమ్ముతరని ఏసిన," అంది.

జయరాజ్‌కు ముందు ఒళ్ళు మండింది. వారం పాటు తిన్న ఎండ, చిలుకలు, పగిలిన అద్దం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. గట్టిగా ఒక మాట అందామని తలెత్తి చూసేసరికి ఎస్తేరు, ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వంక బెదురుగా చూస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమెకు భయపడటమే తప్ప, ఆమె భయపడగా అతనెప్పుడూ చూడలేదు. ఆ చూపు చూసి అతని కోపం చల్లారిపోయింది, జాలేసింది, తన భయం కన్నా ఈ భయమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

మళ్ళీ చేనుకు కట్టేసి రమ్మని ఆమె బతిమాలింది. ఆ ముసలావిడకు లోకంలో మిగిలింది ఇదొక్కటేనని అతను గుర్తు చేశాడు. చివరికి జయరాజ్‌కే ఉపాయం తోచింది. బొమ్మ కనిపిస్తుంది, మాట వినిపించదు. టీవీకి పోయే సౌండు వైరు పీకేస్తే సరి, గాలికీ ఎండకూ గొంతు పోయిందని చెప్పవచ్చు. అప్పుడు ఉడుత ఎవరి గొంతుతో మాట్లాడిందో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

శనివారం సండే స్కూల్ గది నిండిపోయింది. లీలావతి మేడం పొట్టిగా, తెల్లటి జుట్టుతో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఉడుత తెర మీదికి రాగానే ఆవిడ కుర్చీ ఇంకా ముందుకు జరుపుకుంది. ఉడుత నోరు కదిపింది. గదిలో చప్పుడు లేదు.

మాట రాదా అని మేడం అడిగింది. చిలుకలు ముక్కులతో సరిగ్గా సౌండు ఉన్న అంచునే పొడిచాయని జయరాజ్ వివరించాడు. రామ్‌దాస్ పైకప్పు వంక చూశాడు. మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొమ్మలు తన దగ్గర కాగితాల మీద ఉన్నాయి, కావాలంటే మళ్ళీ గీసుకోవచ్చు, ఆ పిల్లల గొంతులు ఎక్కడ దొరుకుతాయని అంది. వాటి కోసమే ఇంత దూరం వచ్చానంది.

ఎస్తేరు కాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత లేచింది. జయరాజ్ కళ్ళతో వద్దన్నాడు. ఆమె టీవీ వెనక్కి పోయి, ఊడిన వైరు వెతికి, గుచ్చింది.

ఉడుత మాట్లాడింది. కీచుగా, గడగడా, భయమంటే తెలియని పిల్ల గొంతు.

"గది నా గొంతు కాదు," అంది ఎస్తేరు అందరికీ వినపడేలా. "నేను ఇన్నొద్దులు అబద్ధం చెప్పిన."

గదిలో గుసగుస లేచింది. జయరాజ్ కళ్ళు మూసుకున్నాడు. తెర మీద ఆకాశంలోంచి గద్ద దిగింది. ఉడుత తొర్రలో దూరింది. అప్పుడు ఆ తొర్రలోంచి ఏడుపు వినిపించింది. వెక్కి వెక్కి, ఆపుకోబోయి, ఆగక, మధ్యలో ఒక పెద్ద ఎక్కిలి వచ్చి తెగిపోయే ఏడుపు. గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక చంటిపిల్ల భయపడి తల్లి మెడ పట్టుకుంది.

మేడం చెయ్యెత్తి క్యాసెట్ ఆపించింది. ఈ ఏడుపు కోసం ఎంతోమంది పిల్లలతో ప్రయత్నించామని, అందరూ నటించారని చెప్పింది. హాస్టల్ పిల్ల ఒకతి మైకు చూసి ఏడుస్తుంటే మెషీన్ ఆపడం మరిచిపోయారట. తర్వాత విని, అదే పెట్టారట. కథకు ప్రాణం ఆ ఏడుపేనట. ఆ పిల్ల పేరు కూడా రాసిపెట్టుకోలేదని ఆవిడ బాధపడింది.

ఎస్తేరు గోడకు ఆనుకుని ఏడుస్తోంది. వెక్కి వెక్కి, ఆపుకోబోయి, మధ్యలో ఒక పెద్ద ఎక్కిలి. మేడం తల తిప్పి ఆమెను చూసింది. గదిలో అందరూ చూశారు. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మేడం లేచి పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

కాస్త తేరుకున్నాక, ఇంత అపురూపమైనది చేనుకెట్లా ఎక్కిందని మేడం అడిగింది. ఎస్తేరు ముక్కు తుడుచుకుంది.

"మా ఆయన తెల్వక సిలుకలకు కట్టిండు మేడం. నేనే పట్టువట్టి తెప్పించిన."

జయరాజ్ నోరు తెరిచాడు. ఒక అబద్ధం కడుక్కుని ఇంకా చెయ్యి ఆరలేదు, రెండోది మొదలుపెట్టింది. ఆడవాళ్ళందరూ అతని వంక చూసి నాలుక చప్పరించారు. నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కాని ఎస్తేరు ముఖం వెలిగిపోతోంది, అలా వెలగడం చూసి అతనికి నిజంగా సంతోషమేసింది. నోరు మూసుకుని, త్యాగం చేసిన మనిషిలా తల వంచుకున్నాడు. ఇక జన్మలో ఆమెకు భయపడే పని లేదనిపించింది.

మిగతా కథ చూద్దామని పిల్లలు గోలపెడితే రామ్‌దాస్ మళ్ళీ మీట నొక్కాడు. గద్ద ఓడిపోయింది, ఉడుత గెలిచింది. తర్వాత ఒక అతుకు దాటింది. తెర మీద ఇదే చర్చి కనిపించింది. బక్కపలచని పెళ్ళికొడుకు ఒకడు చెమటలు కక్కుతూ పెళ్ళికూతురి వేలికి ఉంగరం తొడగబోయాడు. తొడిగేలోపు టేపు అయిపోయింది. పిల్లలు పకపకా నవ్వారు.

ఎస్తేరు ఎక్కిళ్ళు ఆగిపోయాయి. అరవలేదు. జయరాజ్ చెవి దగ్గరికి వంగి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది.

"నా ఉడుతను నేను ఏసిన. మన పెండ్లిని సంచిల ఎవలు ఏసిండ్రు?"

మేడంకు చాయ్ తెస్తానని చెప్పి జయరాజ్ లేచాడు. బయటికొచ్చి, పక్కింటాయన స్కూటర్ మళ్ళీ అడిగి, ఎడపల్లి దారి పట్టాడు. మిగతా పెళ్ళి ఇంకా పోశయ్య చేనులో, కాలువ గట్టు వైపు, గాలికి మోగుతూనే ఉంది.