గాలిమోటరు గుడ్డ మాయం

“మాణిక్యప్పా, నా అసొంటి మెదడు ఈ నైజాం రాజ్యంల ఇంకొకటి లేదు. ఉంటే అది దొంగదే అయి ఉండాలె. ఎప్పుడో పట్టుకునేటోణ్ని!” అన్నాడు నా మిత్రుడు, స్వయంప్రకటిత డిటెక్టివ్ సంగమేశ్వర్, బడి గదిలో ఖాళీ పెట్టె మీద కూర్చుని.

పెట్టెలోని గుడ్డ పోయిందని తెలిసి అప్పటికి అరగంట.

అది 1946 వానాకాలం. రోగుల్ని గాలిమోటరులో, అంటే విమానంలో, దవాఖానకు చేర్చే ధర్మసమితి ఒకటి హైదరాబాదులో ఉండేది. వాళ్లకున్నది ఒకే చిన్న మోటరు, అందులో ఒకే మంచం. నేను లెక్కలు రాసే మా నారాయణఖేడ్ సేవా సంఘం రెండేళ్లుగా ఆ సమితికి గొంగళ్లు, కట్టుగుడ్డలు పంపుతోంది. ఇప్పుడు మొదటిసారి ఆ మోటరు మా ఊరికే వస్తోంది. బావి తవ్వుతూ పడి బీరప్ప తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంజీర పొంగి బండ్లు ఆగిపోయాయి. సంఘం పెద్ద చంద్రమ్మ తంతి కొట్టిస్తే జవాబు వచ్చింది: “పది గంటలకు వస్తాం. తెల్లగుడ్డలు రెండు అడ్డంగా, నిలువుగా పరచండి. గుర్తు కనబడకపోతే వాపసు పోతాం.”

బోరంచ తొవ్వ పక్క చేన్లో పరచాలని ఇరవై గజాల పట్టీలు రెండు కుట్టి పెట్టెలో పెట్టారు. పొద్దున కాపలా సంగమేశ్వర్‌ది.

“కన్ను మూసినవా?” అంది చంద్రమ్మ.

“డిటెక్టివ్ కన్ను మూయడు. లోపలికి చూస్తడు.”

ఆమె బదులు పరచడానికి ధోవతులు అడుగుతూ ఊళ్లోకి వెళ్లిపోయింది. గుడ్డ రేషను మీద దొరికే కంట్రోలు రోజులు. ఎవరి ఒంటి మీది ధోవతి వాళ్లకు ఒక్కటే.

సంగమేశ్వర్ నేల మీద వంగి బూడిద రంగు పొడి కొంచెం వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. “మందుగుండు!” అని ఉమ్మేశాడు.

“చౌడుమన్ను లెక్కుంది,” అన్నాను.

“అట్ల కనబడేటట్టు చేసిండ్రు. ఇగో, వెంట్రుక! పొట్టిగ, బిరుసుగ, బూడిద రంగుల! గడ్డం నెరిసినోడు. ఖేడ్‌ల అసొంటి గడ్డం ఎవలకుంది?”

“బండెప్పకుంది. కానీ ఇది గాడిద వాసన కొడుతుంది.”

“బండెప్ప వాసన నువ్వెన్నడన్న చూసినవా?”

చూడలేదు. కాబట్టి కందుల వ్యాపారి బండెప్ప కొట్టుకు వెళ్లాం.

“గుడ్డ ఏడ పెట్టినవ్?” అని గర్జించాడు సంగమేశ్వర్.

బండెప్ప బిత్తరపోయాడు. కంగారు పడితే ఆయనకు కన్నడమే వస్తుంది. “ఇల్లా! నన్హత్ర ఇల్లా!”

“విన్నవా? ఇల్లు అంటుండు! ఇంట్ల పెట్టిండు!”

“కన్నడంల ఇల్లా అంటే లేదని.”

“దొంగల కన్నడం వేరే ఉంటది,” అంటూ సంగమేశ్వర్ కంది బస్తాల మీదికెక్కాడు. మూడో వరుస జారింది. బస్తాలు పగిలి కందులు వీధి దాకా పారాయి. బండెప్పకు అప్పుడు తెలుగు వచ్చింది. కర్ర కూడా చేతికొచ్చింది.

సంగమేశ్వర్ పరుగెత్తాడు. వెనక బండెప్ప, ఆ వెనక నేను. బజారు దాటి, వాగు ఒడ్డున గట్టి మొరం నేల మీదికి చేరాం. పైన ఎక్కడో గుర్రుమని మోత. గాలిమోటరు!

ఆ మొరం నేల మీద చాకలి ఎల్లప్ప ఇరవై గజాల తెల్ల పట్టీలు రెండు పక్కపక్కనే ఆరేసి, చౌడుమన్ను మూట మోసే గాడిద పక్కన కూర్చుని ఉన్నాడు.

సంగమేశ్వర్ కింద చూడలేదు. వెనక కర్ర ఉండగా ఎవరు చూస్తారు? ఒక పట్టీ కొస కాలికి చుట్టుకుంది. దాన్ని ఈడ్చుకుంటూ రెండో పట్టీకి అడ్డంగా ఉరికి, బోర్లాపడి, లేచి, చిక్కు విడిపించుకోలేక రెండు చేతులూ గాలిలో ఆడించాడు. పట్టీలు రెండూ అడ్డంగా, నిలువుగా పడ్డాయి. గాలిమోటరు ఒక చుట్టు చుట్టి కిందికి దిగింది. బండెప్ప కర్ర వదిలేసి గాడిద చాటుకు వెళ్లాడు.

“ఎల్లప్పా, గుడ్డ నీకెవలిచ్చిండ్రు?” అన్నాను.

“గీ అయ్యనే. పరుపు లెక్క పరుసుకొని గురక పెడుతుండె. అంత మట్టి. తీస్కపోనా అంటే ఊ అన్నడు.”

సంగమేశ్వర్ ఆకాశం వైపు చూశాడు.

అంతలో నలుగురు బీరప్పను మంచంతో సహా మోసుకొచ్చారు. పక్కన ఆయన భార్య కిష్టవ్వ పరుగెత్తుతోంది. చంద్రమ్మ చేతిలో ఊరంతా తిరిగితే దొరికిన ఒకే ఒక్క ధోవతి ఉంది. అది కూడా ఎర్రది. పైలట్ దిగి కాలితో నేల తట్టి చూశాడు. మేము అనుకున్న బోరంచ తొవ్వ పక్క నల్లరేగడిలో దిగితే చక్రాలు కూరుకుపోయేవట.

“నొప్పుందా?” అని అడిగింది చంద్రమ్మ.

“గీయన ఉరుకుడు చూసి మర్చిపోయిన,” అన్నాడు బీరప్ప. నవ్వబోయి మూలిగాడు. కిష్టవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మోటరు లేచి కనుమరుగయ్యేదాకా ఆమె అక్కణ్నుంచి కదల్లేదు.

రెండు నెలలకు బీరప్ప కర్ర పట్టుకుని నడిచి వచ్చాడు. సమితి ఇచ్చిన ఉత్తరం తెచ్చాడు. చంద్రమ్మ పైకి చదివింది: “గుడ్డ ఒంటికి చుట్టుకుని, ప్రాణాలకు తెగించి, చేతులూపి దారి చూపిన మీ ఉద్యోగికి ప్రత్యేక కృతజ్ఞతలు.”

ఆమె ఉత్తరం మడిచి పెట్టింది. “రాసుకో మాణిక్యప్పా. గాలిమోటరు వచ్చినప్పుడు చేతులూపే పని ఈయనకు. కాపలా పని ఎన్నడు ఇయ్యకు.”

బీరప్ప కర్ర గోడకు ఆనించి, వంగి సంగమేశ్వర్ చెయ్యి పట్టుకున్నాడు. మా డిటెక్టివ్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆయన ఏమీ అనకుండా ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.