దిగే పని లేదు

ఆ పొద్దున బుచ్చిరాములు పెట్టుకున్న పని ఒక్కటే. సైకిలెక్కి అత్తగారి ఊరికి పోయి, వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్తూ బాలలక్ష్మిని కళ్ళారా చూసి రావడం. పెళ్ళయిన కొత్త. ఆషాఢం రాగానే ఆమెను పుట్టింటికి తీసుకుపోయారు. ఆ నెల అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు, అత్తాకోడళ్ళు ఒక ఇంట్లో ఉండకూడదు. ఈ నియమం పెట్టిన మహానుభావుడికి పెళ్ళయి ఉండదు. మగ్గం ముందు కూర్చుంటే బుచ్చిరాములుకు చేతులు ఆడటం లేదు. నేసే చీర అంచు కూడా వంకర పోతోంది.

అందుకే నెల మొదట్లోనే లక్ష్యం పెట్టుకుని, స్నేహితుడు కొండల్ దగ్గర సైకిలు నేర్చుకున్నాడు. అది రజాకార్ల గొడవకు ముందు కొన్న సైకిలు, బ్రేకులు ఏనాడో పోయాయి.

"దిగుడు గూడ నేర్వరాదురా," అన్నాడు కొండల్.

"దిగే పని లేదు. ఆషాఢం గదా! ఇంటి ముందట్నుంచి పోవుడే."

బయలుదేరే ముందు కాస్త అందంగా కనిపించాలని మంగలి హనుమండ్లు దగ్గర మీసం కత్తిరించుకోవడానికి కూర్చున్నాడు. కుడివైపు పొట్టిదైంది. సరిచేయబోతే ఎడమవైపు మరీ పొట్టిదైంది. రెండింటికీ రాజీ కుదిరేసరికి మీసమే మిగల్లేదు.

"ఫికర్ జెయ్యకు, మల్ల మొలుస్తది," అన్నాడు హనుమండ్లు కత్తి తుడుచుకుంటూ.

తుంపర పడుతోందని తలకు తువ్వాల బిగించి బుచ్చిరాములు హుస్నాబాద్ దాటాడు. తండ్రి పోతే తప్ప తమ ఇళ్ళలో మీసం తీయరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి పోదామంటే దిగడం రాదు.

బాలలక్ష్మి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. ఆమెను చూడగానే అతని ప్రాణం లేచి వచ్చింది. పిలవబోతే హ్యాండిలు వంకర పోయింది. నోరు మూసుకున్నాడు.

ఆమెకు కనిపించింది వేరు. తలకు గుడ్డ, మూతికి మీసం లేదు, ముఖమంతా నీళ్ళు, మాట లేదు, ఆగడం లేదు. చేతిలోని చేట జారిపడింది. తల్లిని కేకేసింది.

"అవ్వా! మా మామ పోయిండే! చెప్పనీకి నోరు రాక పోతుండు సూడు!"

ఊరవతల మడి బురదలో పడేదాకా సైకిలు ఆగలేదు. చక్రం వంగిన సైకిలును భుజానికెత్తుకుని వెనక్కి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది.

"మీ బాపు సచ్చిపోయిండని బండి కట్టుకొని మీ ఊరికే పోయిన్రు గదా బిడ్డా!" అంది పక్కింటి ముసలమ్మ.

బాలలక్ష్మి తన ఇంటికే వెళ్ళింది! ఆ ఒక్క సంతోషంతో, దగ్గర దారని చేలగట్ల మీదుగా పడుతూ లేస్తూ ఇల్లు చేరాడు. తండ్రి లింగమూర్తి అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. పక్కనే కొండల్ ఉన్నాడు.

"వచ్చినవా? నేను రొట్టె తింటుంటె నీ పెండ్లాం నన్ను చూడకముందే వాకిట్ల ఒక్కటే ఏడ్సుడు. నిజంగ సస్తె గూడ గంత మంచిగ ఎవ్వలు ఏడ్వరు," అన్నాడు లింగమూర్తి తృప్తిగా.

"యాడున్నది బాపూ?"

"ఆషాఢం గదరా," అంది తల్లి కనకవ్వ లోపలి నుంచి. "నేనే మల్ల బండి ఎక్కిచ్చి తోలిన. బండ్లబాట పట్టి పోయిన్రు."

బుచ్చిరాములు గడప మీద కూలబడ్డాడు. ఈసారి ముఖం మీద కారినవి వాన నీళ్ళు కావు.

కొండల్ అతని దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు. "నీకు దిగుడు రాదని నేనే చెప్పిన. వదినె జర నవ్వి, నేర్చుకొని రమ్మన్నది. పెరట్ల నిలబడతదట. పెరటికి గడప ఉండదు గదా."

మర్నాడే బుచ్చిరాములు కొత్త లక్ష్యం పెట్టుకున్నాడు. వంగిన చక్రం బాగై వచ్చేసరికి శ్రావణం వచ్చింది, బాలలక్ష్మి బస్సులో వచ్చి చక్కగా దిగింది.