బుధవారం మీటింగు

"కాలాన్ని చేతిలో పట్టుకున్నవాడే మహాపురుషుడు!" అని మిర్యాలగూడ నాగేశ్వర్ రావు ఇడ్లీల ముందు కూర్చుని ప్రకటించాడు. ఆయన చేతిలో కొత్త వీక్లీ ప్లానర్ ఉంది. తోలు అట్ట, ఎర్ర రిబ్బను, వారానికి రెండు పేజీలు!

"ఇది ఇంగ్లండుల పుట్టిందంటరు. అబద్ధం! మన పంచాంగం సూసి కాపీ కొట్టిండ్రు. ఫోన్ల రాస్తే వేలికే తెలుస్తది, కాయితం మీద రాస్తే మనసుకెక్కుతది."

"మనసుకెక్కించుకునేంత పనులు మీకేమున్నయండీ?" అంది భార్య కనకమ్మ.

ఆ ఒక్కటీ అడగకూడదు. రైస్ మిల్లు కొడుకు అరవింద్ చేతికి వెళ్లింది. "నాన్నా, మీరు రెస్ట్ తీస్కోండి" అని వాడు మర్యాదగా చెప్పిన మర్నాడే ఆయన కుర్చీలో ప్రింటరు కూర్చుంది. అప్పటినుంచి నాగేశ్వర్ రావుకు ఊపిరాడనంత తీరిక. ఆ తీరికను ఊళ్లోవాళ్ల కంటపడకుండా దాచడానికే ఈ ప్లానరు. సోమవారం కోదాడ, చర్చ. బుధవారం సూర్యాపేట, మీటింగు. ఎవరితో? దేని గురించి? మహాపురుషులు అవి రాయరు!

ఒకసారి చిన్ననాటి దోస్తు, రిటైర్డు టీచరు మత్తయ్య వచ్చాడు.

"బుధవారం సూర్యాపేటల నా కంటి ఆపరేషన్. తోడు ఉంటెనే చేస్తరంట. ఇంటామెకు జ్వరం. జర వస్తవా?"

నాగేశ్వర్ రావు ప్లానరు తెరిచి, నిట్టూర్చాడు. "బుధవారం మీటింగుంది మత్తయ్యా. ఏం చెయ్యను, టైము మన చేతుల లేదు!"

బుధవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో బస్సెక్కాడు. మీటింగు లేకపోయినా ఇల్లు వదలక తప్పదు కదా! సూర్యాపేటలో హోటలువాడు చాయ్ తాగగానే లేపేస్తాడు. కంటి దవాఖానలో మాత్రం చల్లని ఏసీ, మెత్తని కుర్చీలు, అడిగేవాడు లేడు. అక్కడ పేపరు విప్పాడో లేదో, కనకమ్మ ఫోను.

"మీటింగుల ఉన్న, మళ్ల మాట్లాడత" అని గుసగుసలాడాడు.

"నాగేశ్వర్రావ్! నువ్వేనా?"

కంటికి కట్టుతో, గోడ పట్టుకుని మత్తయ్య! ఆపరేషన్ సూర్యాపేటలో ఏ దవాఖానలో అని మత్తయ్యను అడగడం ప్లానరులో లేకపోయింది మరి.

"మీటింగు ఇడిసిపెట్టి వచ్చినవా? దోస్తు వస్తున్నడని డాక్టరుకు అబద్ధం చెప్పి ఆపరేషన్ చేయించుకున్న. నా అబద్ధాన్ని నిజం చేసినవ్ గదనే!"

హాలంతా మెచ్చుకోలుగా చూసింది. నాగేశ్వర్ రావు ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్కటే క్షణం!

"మీటింగులదేముంది మత్తయ్యా, మనిషి ముఖ్యం!"

నేల తుడుస్తున్న ఆండాలు నడుము నిలబెట్టింది. "ఈ సారు మీ మనిషా? ప్రతి బుధవారం గీ కుర్చీలనే కూసుంటడు. ఏ పేషంటు కోసమో అనుకున్న. పాపం, ఇయ్యాల్టికి దొరికిండ్రు!"

మత్తయ్య కట్టు లేని కంటితో దోస్తును కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"ఇగ పట్టుకో. మెల్లగ నడువు నాగేశ్వర్రావ్, నీకేం తొందర లేదు గద."